చిప్‌లో వృషణం: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి, రెండో వారం

అనుమతులు వచ్చాయి. ప్రాజెక్టు కాగితం మీద నుంచి బల్ల మీదికి దిగింది. పుట్టి ఒకటి రెండు రోజులైన చిట్టెలుక పిల్ల వృషణంలోంచి మిల్లీమీటరు కూడా లేని ముక్క తీయాలి. దాన్ని పారదర్శకమైన చిప్‌లో పెట్టి, పక్కనుంచి పోషక ద్రవం నిదానంగా పారేలా చేయాలి. అక్కడే శుక్రకణాలు తయారయ్యేదాకా దాన్ని బతికించాలి. ఆ తర్వాత ఒక రసాయనం ఇచ్చి ఏమవుతుందో చూడాలి.

ఎందుకింత తంటా అంటే, పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. అలాంటి మగవాళ్లలో చాలామందికి పరీక్షలన్నీ అయ్యాక కూడా కారణం తెలియదనే చెప్తారు. వృషణంలో పని జరుగుతుండగా చూసే దారి లేకపోవడం దీనికి ఒక పెద్ద కారణమని నా నమ్మకం. మనిషిలో ఒక మూలకణం శుక్రకణంగా మారడానికి సుమారు 74 రోజులు పడుతుంది. వీర్య పరీక్ష ఆ దారి చివర ఏం వచ్చిందో చెప్తుంది. మధ్యలో ఎక్కడ తేడా వచ్చిందో చెప్పదు.

పోనీ కణాలను విడదీసి మామూలు గిన్నెలో పెంచుదామంటే, వృషణం పని అంతా అమరికలోనే ఉంది. శుక్రనాళిక (శుక్రకణాలు తయారయ్యే సన్నటి గొట్టం) గోడలో సెర్టోలి కణాలు నిలువుగా నిలబడి, తయారవుతున్న కణాలను తమ ఒడిలో పెట్టుకుని లాక్టేట్ అందిస్తాయి. పక్కపక్క సెర్టోలి కణాలు గట్టిగా అతుక్కుని రక్త-వృషణ అవరోధాన్ని కడతాయి. మియోసిస్‌లోకి, అంటే క్రోమోజోములు సగమయ్యే విభజనలోకి దిగిన కణాలు ఆ అవరోధానికి అవతల, రక్తంలోని పదార్థాలు నేరుగా చేరని చోట ఉంటాయి. నాళికల మధ్య ఖాళీల్లో లేడిగ్ కణాలు టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి. వీటిని విడదీస్తే కణాలు బతుకుతాయి గానీ పని ఆగిపోతుంది.

అందుకే ముక్కను ముక్కగానే పెంచాలని 1930ల నుంచి ప్రయత్నాలు జరిగాయి. దశాబ్దాలపాటు అందరికీ ఒకే గోడ అడ్డొచ్చింది: మియోసిస్‌లో పాకిటీన్ దశ దాకా వచ్చి కణాలు ఆగిపోయేవి. ఆ గోడను 2011లో జపాన్‌లోని యోకొహామా సిటీ యూనివర్సిటీలో తకెహికో ఒగావా బృందం దాటింది. అగరోజ్ జెల్ దిమ్మ మీద, సగం గాలిలో సగం ద్రవంలో ముక్కను ఉంచి, ఆల్బుమాక్స్ అనే కొవ్వులు నిండిన ఆల్బుమిన్ కలిపిన మీడియాతో (పోషక ద్రవంతో) చిట్టెలుక శుక్రకణాలు తయారుచేశారు. వాటితో పిల్లలు కూడా పుట్టారు. అదే బృందం 2016లో ముక్కను మైక్రోఫ్లూయిడిక్ పరికరంలో (సన్నటి కాలువల్లో ద్రవం పారే చిప్‌లో) పెట్టి, ఆరు నెలలపాటు శుక్రకణోత్పత్తి నిలిచినట్టు చూపించింది. ఆ పేపరు చదివిన రోజునే ఈ ప్రాజెక్టు ఆలోచన మొదలైంది.

మేం అడగబోయే ప్రశ్న థాలేట్ల గురించి. పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తగా చేయడానికి కలిపే డీఈహెచ్‌పీ అనే థాలేటు ఒంట్లోకి చేరాక ఎంఈహెచ్‌పీగా మారుతుంది. సెర్టోలి కణాలను దెబ్బతీసేది ప్రధానంగా ఈ రెండోదే. అవరోధం కట్టుకోకముందు ఇస్తే ఎక్కువ నష్టమా, కట్టుకున్నాక ఇస్తే ఎక్కువ నష్టమా? జంతువుల్లో చిన్న వయసువాటికే దెబ్బ ఎక్కువని చాలా కాలంగా తెలుసు. కారణం వయసుతో వచ్చే హార్మోన్లా, అవరోధమా అన్నది ఒంట్లో విడదీసి చూడడం కష్టం. చిప్‌లో హార్మోన్లు నా చేతిలో ఉంటాయి.

మా గైడ్ గారు ప్లాన్ అంతా విని ఒక్కటే అడిగారు. "అమ్మా, రేపు నీ చిప్‌లో ఏదో మార్పు కనిపిస్తుంది. అది వృషణం చూపించిన మార్పని, చిప్ వల్ల వచ్చింది కాదని నాకు ఎలా చెప్తావు?"

"ముందు ఖాళీ చిప్‌లనే పరీక్షిస్తాను మేడమ్," అన్నాను.

"అయితే ముక్క పెట్టడానికి తొందరపడకు," అన్నారు. ఆ మాట డైరీ అట్ట లోపల రాసుకున్నాను.

జనవరి, చివరి వారం

వారమంతా లెక్కలే. కానీ ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే కావచ్చు.

ముక్క ఉండే గది, మీడియా పారే చానెల్ పక్కపక్కన ఉంటాయి. మధ్యలో గోడకు బదులు సన్నటి స్తంభాల వరుస. ఆ సందుల్లోంచి పోషకాలు వస్తాయి, వ్యర్థాలు వెళ్తాయి, ముక్క మాత్రం జారిపోదు. గది ఎత్తు 160 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). రక్తనాళాలు పనిచేయని ముక్కలో ఆక్సిజన్ రెండు వందల మైక్రాన్ల లోతు దాటి సరిగా చేరదు, నడిమధ్య చచ్చిపోతుంది. అందుకే ముక్క పైకి ఉబ్బకుండా కప్పే అదిమిపట్టి పలచగా పరుస్తుంది. కప్పు పీడీఎంఎస్‌ది. ఆ సిలికోన్ రబ్బరులోంచి ఆక్సిజన్ సులువుగా దాటుతుంది కాబట్టి పైనుంచి గాలి, పక్కనుంచి తిండి.

ఇక ప్రవాహం. మీడియా చానెల్ వెడల్పు 1 మిల్లీమీటరు, ఎత్తు 200 మైక్రాన్లు, పొడవు 20 మిల్లీమీటర్లు. అంటే లోపల పట్టేది 4 మైక్రోలీటర్లు. నిమిషానికి 0.1 మైక్రోలీటరు పారిస్తే చానెల్‌లో ద్రవం నలభై నిమిషాలకోసారి పూర్తిగా మారుతుంది. రోజుకు 144 మైక్రోలీటర్లు ఖర్చు. ఈ వేగంలో చానెల్ గోడ మీద పడే ఒరిపిడి చదరపు సెంటీమీటరుకు 0.002 డైన్‌లు, అంటే ధమనుల గోడల మీద పడేదాంట్లో వెయ్యో వంతు కూడా కాదు. శుక్రనాళికల బయట ఒంట్లోనూ ద్రవం నెమ్మదిగానే ఊరుతుంది, కాబట్టి ఇది సరిపోతుంది.

సిరంజి పంపు వద్దనుకున్నాం. పంపు పెడితే ట్యూబులు కావాలి, మెత్తటి ట్యూబుల్లో చాలా రకాలకు థాలేట్లే కలుపుతారు. థాలేట్ల ప్రభావం చూడబోయే ప్రయోగంలో థాలేట్లు కారే ట్యూబు పెడితే మొదటిరోజే ప్రయోగం పోయినట్టు. కాబట్టి పంపు లేదు, ట్యూబు లేదు. చిప్ రెండు కొసలా రెండు చిన్న గాజు తొట్లు. ఒకదాంట్లో మీడియా మట్టం రెండోదానికంటే 10 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటుంది. ఆ తేడాయే పంపు. యోకొహామా వాళ్లు కూడా 2017లో ఇలా నీటిమట్టం తేడాతో నడిచే పరికరం చూపించారు.

అయితే 10 మిల్లీమీటర్ల తేడాను నేరుగా ఈ చానెల్ మీద పెడితే నిమిషానికి రెండు వందల మైక్రోలీటర్లకు పైగా దూకుతుంది. దాన్ని 0.1కి దించాలంటే దారిలో ఇరుకు కావాలి. 100 మైక్రాన్ల వెడల్పు, 30 మైక్రాన్ల ఎత్తున్న సన్న కాలువను సుమారు 13 మిల్లీమీటర్ల పొడవున మెలికలు తిప్పితే లెక్క సరిపోయింది. ఇందులో జాగ్రత్త అంతా ఎత్తు దగ్గరే. అడ్డంకి ఎత్తు ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి 30 బదులు 33 మైక్రాన్లు వస్తే ప్రవాహం దాదాపు 30 శాతం పెరిగిపోతుంది. వెడల్పులో అంత తేడా వచ్చినా ఇంత ఇబ్బంది లేదు.

తొట్టి అడుగు విస్తీర్ణం 2 చదరపు సెంటీమీటర్లు. రోజుకు పైతొట్టిలో 0.7 మిల్లీమీటర్లు దిగుతుంది, కిందితొట్టిలో అంతే పెరుగుతుంది. తేడా రోజుకు దాదాపు 1.4 మిల్లీమీటర్లు తగ్గుతుందన్నమాట. ప్రతిరోజూ అదే వేళకు మట్టం సరిచేస్తే ప్రవాహం 15 శాతం లోపే ఊగుతుంది. ఆదివారాలు కూడా రావాలి, తప్పదు.

ఫిబ్రవరి, మొదటి పక్షం

మౌల్డు వచ్చింది. సిలికాన్ పలక మీద ఎస్‌యూ-8 అనే, వెలుగు తగిలితే గట్టిపడే పదార్థంతో గీసిన గట్లు. ప్రొఫైలోమీటరుతో ఇరుకు కాలువ ఎత్తు ప్రతి చిప్ స్థానం దగ్గరా కొలిచాం. పలక అంచుల్లో ఎత్తు కొంచెం ఎక్కువుంది, ఆ స్థానాల చిప్‌లను ప్రయోగానికి వాడబోవడం లేదు. వాటిని రంగునీళ్ల పరీక్షలకు పక్కన పెట్టాను.

పీడీఎంఎస్ పది పాళ్లకు గట్టిపరిచేది ఒక పాలు. కలిపి, వాక్యూమ్‌లో బుడగలన్నీ పోయేదాకా ఉంచి, పోసి, ఓవెన్‌లో పెట్టడం. ఇది ఎవరైనా చేసే పనే. మేం అదనంగా చేస్తున్నది ఒకటుంది: గట్టిపడిన చిప్‌లను ద్రావకాల్లో నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ చాలాసేపు వేడిచేస్తున్నాం. గట్టిపడని చిన్న సిలికోన్ గొలుసులు మీడియాలోకి కారతాయి. రెండు రోజుల ప్రయోగానికి పర్వాలేదేమో గానీ నెలా పదిహేను రోజులు అదే గదిలో ఉండే కణాలకు అది చిన్న విషయం కాదు.

తర్వాత ప్లాస్మా (విద్యుదావేశమున్న వాయువు) పెట్టి గాజు మీద అతికించడం. అతికాక ఉపరితలం నీటిని ఇష్టపడే స్థితిలో ఉండగానే నింపేయాలి, ఆలస్యమైతే మళ్లీ నీటిని నెట్టేస్తుంది.

ఫిబ్రవరి, రెండో పక్షం

ఖాళీ చిప్‌ల పరీక్ష. ముక్క లేదు, మీడియా మాత్రమే. ఈ ప్రాజెక్టులో ఎక్కువ నేర్పింది ఈ రెండు వారాలే.

మొదటిది బుడగలు. ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియా 34 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోకి వెళ్తే అందులో కరిగిన గాలి బయటికొస్తుంది. ఇరుకు కాలువలో ఒక్క బుడగ చాలు, ప్రవాహం ఆగిపోతుంది. మీడియాను ముందే అదే ఉష్ణోగ్రతలో ఉంచుతున్నాం. నింపే ముందు చిప్‌ను వాక్యూమ్‌లో పెడుతున్నాం. గాలి ఖాళీ అయిన పీడీఎంఎస్, నింపాక మిగిలిన బుడగలను తనలోకి లాగేసుకుంటుంది. మైక్రోస్కోప్ కింద ఆ బుడగ అంచు నెమ్మదిగా కుంచించుకుపోయి మాయమవడం చూస్తే మనసు ఎంత తేలికపడుతుందో.

రెండోది ఆవిరి. పీడీఎంఎస్ ఆక్సిజన్‌నే కాదు, నీటి ఆవిరినీ వదిలేస్తుంది. మీడియా చిక్కబడితే కణాలు ముడుచుకుపోతాయి, అప్పుడు మనం ఏ రసాయనానికో నేరం అంటగడతాం. చిప్‌లను మూతపెట్టిన ట్రేలో, చుట్టూ తడి ఉండేలా పెట్టి, బయటికొచ్చిన మీడియా ఆస్మోలాలిటీ, అంటే కరిగిన పదార్థాల చిక్కదనం, రోజూ కొలిచాం. ఇప్పుడు లోపలికెళ్లిన దానికీ బయటికొచ్చినదానికీ తేడా పట్టించుకోనక్కర్లేనంత.

మూడోది హార్మోన్. పీడీఎంఎస్ కొవ్వులో కరిగే చిన్న అణువులను పీల్చుకుంటుందని 2006 నుంచే ప్రచురణల్లో ఉంది. టెస్టోస్టెరాన్ అచ్చం అలాంటిదే. తెలిసిన మోతాదులో టెస్టోస్టెరాన్ కలిపి పంపి, బయట పట్టుకుని, ఎలైజా అనే ప్రయోగశాల పరీక్షతో కొలిచాం. మొదట్లో గణనీయంగా తక్కువొచ్చింది, క్రమంగా పెరుగుతూ వచ్చి ఒక స్థాయిలో నిలబడింది. గోడలు నిండేదాకా తాగాయన్నమాట. ఆల్బుమిన్ లేని మీడియాలో నష్టం ఎక్కువ, ఉన్నదాంట్లో తక్కువ. ఆల్బుమిన్ హార్మోన్‌ను పట్టుకుని ద్రవంలోనే ఉంచుతుంది కాబట్టి అది సహజమే.

ఈ పరీక్ష చేయకుండా ముక్క పెట్టి ఉంటే, మొదటి వారం టెస్టోస్టెరాన్ తక్కువుందని, తర్వాత లేడిగ్ కణాలు చక్కగా ఎదిగాయని నమ్మేసేవాళ్లం. ఆ గీత పైకెళ్లడం గోడలు తీర్చుకున్న దాహం మాత్రమే.

ఎంఈహెచ్‌పీతోనూ ఇదే చేశాం. అది ఆమ్లం, మీడియా పీహెచ్‌లో విద్యుదావేశంతో ఉంటుంది కాబట్టి దాని తల్లి పదార్థం డీఈహెచ్‌పీలా రబ్బరులోకి దూరిపోదని ఆశించాం. నష్టం టెస్టోస్టెరాన్ కంటే తక్కువే ఉంది. అయినా ఇక నుంచి మోతాదు అంటే మేం పోసింది కాదు, ఖాళీ చిప్‌లోంచి బయటికొచ్చినదే అని నిర్ణయించుకున్నాం. గైడ్ గారు ఆ పట్టిక చూసి "ఇప్పుడు ముక్క పెట్టమ్మా" అన్నారు.

మార్చి, మొదటి వారం

ముక్కలు పెట్టాం.

వృషణం ఇంత చిన్నదని చేతిలో పనిముట్టు పట్టుకుంటే గానీ తెలియదు. స్టీరియో మైక్రోస్కోప్ కింద, చల్లటి మీడియాలో, రెండు సన్న ఫోర్సెప్స్‌తో పైన ఉన్న తెల్లటి పొరను పట్టుకుని మెల్లగా చీల్చాలి. పొర జారగానే లోపలి నాళికలు వదులైన దారపు ఉండలా విచ్చుకుంటాయి. లాగకూడదు, తెంచకూడదు. సూది మొనతో గుంపును నాలుగైదు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను గదిలో పరిచి, చిప్ కప్పు దించాలి. కప్పు దిగిన క్షణంలో ముక్క చదునుగా పరుచుకుంటుంది. అప్పుడు ఒక్కో నాళిక గోడా, దాని పక్కన ఖాళీల్లో లేడిగ్ కణాల గుంపులూ విడివిడిగా కనిపించాయి. అగరోజ్ మీద పెట్టిన ముక్కలో ఇలా ఎప్పుడూ కనిపించదు, అక్కడ మధ్యంతా చీకటే.

ఈ వయసు పిల్లలనే ఎంచుకోవడానికి కారణముంది. పుట్టిన కొత్తలో నాళికల్లో ఉండేవి సెర్టోలి కణాలు, గోనోసైట్లు అనే తొలి బీజకణాలు మాత్రమే. మియోసిస్ ఇంకా మొదలవలేదు. కాబట్టి ముందు ముందు చిప్‌లో ఏ ఎదిగిన కణం కనిపించినా అది చిప్‌లో పుట్టిందే, వెంట తెచ్చుకున్నది కాదు.

ఎలుక పిల్లలు అక్రోసిన్-జీఎఫ్‌పీ జాతివి, అంటే వాటి బీజకణాల్లో జీఎఫ్‌పీ అనే పచ్చగా వెలిగే ప్రొటీన్ తయారవుతుంది. బీజకణం మియోసిస్ సగానికి చేరగానే ఆకుపచ్చగా వెలగడం మొదలవుతుంది. మియోసిస్ ముగిసి గుండ్రటి స్పెర్మాటిడ్ దశకొస్తే ఆ పచ్చదనం అక్రోజోమ్ (శుక్రకణం తల మీద టోపీలా ఉండే భాగం) దగ్గర చుక్కగా, తర్వాత టోపీలా కూడుతుంది. ముక్కను కోయకుండా, చంపకుండా, ఎక్కడిదాకా వచ్చిందో చూడొచ్చు.

నాలుగు గుంపులు: ప్రవాహం ఉన్న చిప్, ప్రవాహం ఆపిన చిప్, అగరోజ్ మీద ముక్క, ముక్క లేని ఖాళీ చిప్. ఖాళీ చిప్ ప్రయోగం చివరిదాకా పక్కనే నడుస్తుంది.

మార్చి, చివరి వారం

ఆకుపచ్చ కనిపించింది! ఒక నాళిక అంచున మొదలై, రెండు మూడు రోజుల్లో పొడవునా పాకింది.

సంబరపడే ముందు ఎరుపు ఫిల్టర్‌తో కూడా చూశాను. చచ్చిన కణజాలం తనంతట తాను వెలుగుతుంది, అది ఏ ఫిల్టర్‌లో చూసినా కనిపిస్తుంది. అసలు జీఎఫ్‌పీ ఎరుపులో కనిపించదు. ప్రవాహం ఆపిన చిప్‌ల మధ్యభాగంలో వెలుగు చాలావరకు రెండింట్లోనూ ఉంది, అంటే చావు వెలుగు. ప్రవాహం ఉన్నవాటిలో పచ్చలో మాత్రమే ఉంది. ఈ చిన్న పరీక్ష అయ్యాకే గ్రూపులో ఫోటో పెట్టాను.

ఏప్రిల్

రెండు పెద్ద పరీక్షలు అయ్యాయి.

లేడిగ్ కణాలు పనిచేస్తున్నాయా అన్నది మొదటిది. మీడియాలో ఎల్‌హెచ్ (లేడిగ్ కణాలను పురికొల్పే హార్మోన్) కలిపి, బయటికొచ్చిన ద్రవంలో టెస్టోస్టెరాన్ కొలిచాం. పెరిగింది. ఎల్‌హెచ్ ఆపితే తగ్గింది. మళ్లీ ఇస్తే మళ్లీ పెరిగింది. ఖాళీ చిప్‌లో ఏ కదలికా లేదు. ఒకే ముక్కను ఇలా పదేపదే అడగగలగడమే చిప్‌తో వచ్చిన లాభం. గిన్నెలో హార్మోన్ పేరుకుపోతూ ఉంటుంది, ఇప్పుడు తయారైందో నిన్నటిదో చెప్పలేం. ఇక్కడ రోజుకు వచ్చే 144 మైక్రోలీటర్లు రెండు ఎలైజా గుంటలకు సరిపోతాయి.

రెండోది అవరోధం. దీన్ని కొంచెం వివరంగా రాసుకుంటాను, ఎందుకంటే మిగతా ప్రశ్నంతా దీని మీదే నిలబడింది. సెర్టోలి కణాలను ఒంటరిగా పొర మీద పెంచేవాళ్లు విద్యుత్ నిరోధం కొలుస్తారు. ముక్కలో అది కుదరదు, కరెంటు నాళికల మధ్య ఖాళీల్లోంచి దారి చూసుకుంటుంది. మేం బయోటిన్ ట్రేసర్ వాడాం. అది చిన్న అణువు, నాళికల బయటంతా నానుతుంది, తాకిన ప్రొటీన్లకు అతుక్కుంటుంది. తర్వాత ముక్కను స్థిరపరిచి, సెక్షన్లు కోసి, బయోటిన్‌ను పట్టుకునే స్ట్రెప్టావిడిన్‌తో రంగు చూడాలి. అవరోధం లేకపోతే నాళిక నడిమధ్య దాకా రంగు ఉంటుంది. ఉంటే అంచు దగ్గరే ఆగుతుంది.

తొలి రోజుల ముక్కల్లో రంగు నాళిక నిండా ఉంది. పచ్చ వెలుగు బాగా వచ్చిన వయసు ముక్కల్లో, ఎక్కువ నాళికల్లో, రంగు అడుగున ఉన్న తొలి వరస బీజకణాల చుట్టూ మాత్రమే ఉంది. దానికి లోపల నల్లగా, శుభ్రంగా ఒక వలయం. పక్క సెక్షన్‌లో క్లాడిన్-11 (అవరోధాన్ని కట్టే ప్రొటీన్) రంగు చూస్తే సరిగ్గా రంగు ఆగిన గీత మీదే ఉంది. మైక్రోస్కోప్ గదిలో లైటు వేయకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను. కొన్ని వారాల కిందట అక్కడ ఆ గోడ లేదు. మీడియా, గాలి, కాస్త హార్మోన్ ఇస్తే కణాలు తమంతట తామే కట్టుకున్నాయి.

అన్ని నాళికల్లో రాలేదు. గది అంచున ముక్క మందంగా మిగిలిన చోట్ల రంగు లోపలిదాకా వెళ్లింది. మందం, అవరోధం కలిపి లెక్కపెట్టే పట్టిక తయారుచేస్తున్నాను. 160 మైక్రాన్లు కూడా ఎక్కువేమో, తర్వాతి మౌల్డులో 120 ప్రయత్నించాలి.

మే

ఎంఈహెచ్‌పీ. అవరోధం రాకముందు కొన్ని చిప్‌లకు, వచ్చాక కొన్నిటికి. మైక్రోమోలార్ స్థాయిలో మూడు మోతాదులు, తోడుగా ద్రావకం మాత్రమే ఇచ్చిన చిప్‌లు. దేనికి ఏ మోతాదో నాకు తెలియకుండా సహోద్యోగి కోడ్ పెట్టారు, లెక్కపెట్టేదాకా విప్పం.

కోడ్ విప్పాక కనిపించినంతవరకు: పై మోతాదులో, అవరోధం రాకముందు ఇచ్చిన ముక్కల్లో బీజకణాలు సెర్టోలి కణాల నుంచి ఊడి నాళిక మధ్యలోకి రాలాయి. సెర్టోలి కణాల్లో విమెంటిన్ తంతువులు చేతులు చాచినట్టు పైకి పరుచుకుని ఉండాలి, ఇక్కడ కేంద్రకం చుట్టూ ముడుచుకున్నాయి. ఇది జంతువుల్లో ఎప్పటినుంచో చూసిన లక్షణమే, కాబట్టి చిప్ కొత్త కథ చెప్పడం లేదని ధైర్యం వచ్చింది. అవరోధం వచ్చాక ఇచ్చినవాటిలోనూ సెర్టోలి మార్పు ఉంది గానీ రాలిన కణాలు తక్కువ.

ఇక్కడితో అవరోధం కాపాడిందని రాసేయడానికి చెయ్యి లాగుతుంది. కానీ రెండో గుంపు వయసులోనూ పెద్దది, అందులో ఉన్న కణాల రకాలూ వేరు. వయసును అవరోధాన్ని విడదీయాలంటే ఒకే వయసు ముక్కల్లో సగానికి అవరోధం తెరవాలి. కాడ్మియం అవరోధాన్ని తెరుస్తుంది గానీ ఇంకా చాలా పాడుచేస్తుంది. టెస్టోస్టెరాన్ అందకపోతే అవరోధం బలహీనపడుతుందని తెలుసు కాబట్టి, టెస్టోస్టెరాన్ పనిచేయడానికి అతుక్కునే ఆండ్రోజెన్ రిసెప్టర్‌ను అడ్డుకునే ఫ్లూటమైడ్ స్వల్ప మోతాదులో ప్రయత్నిద్దామని గైడ్ గారు అన్నారు. ఫ్లూటమైడ్‌ను కూడా ముందు ఖాళీ చిప్‌లోంచి పంపి చూస్తున్నాం.

టెస్టోస్టెరాన్ మాత్రం పెద్దగా మారలేదు. దీన్ని జాగ్రత్తగా చదవాలి. పిండ దశలో థాలేట్లు ఇస్తే పెద్ద ఎలుక (ర్యాట్) జాతిలో వృషణం టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. చిట్టెలుకల్లో తగ్గలేదు. జంతువులకు అంటుకట్టిన మనిషి పిండ కణజాలంలోనూ తగ్గలేదు. ఒక జాతిలో చూసింది ఇంకో జాతికి చెల్లదనడానికి ఇంతకంటే తేట ఉదాహరణ నాకు తెలియదు. మనిషి కణజాలంతో చిప్ కావాలని పట్టుబట్టడానికి నాకు ఇదే కారణం.

జూన్

మనిషి కణజాలం గురించి సమావేశం. చిట్టెలుకలో వచ్చినంత నిలకడగా మనిషి ముక్కల్లో శుక్రకణోత్పత్తి రాలేదు, పైగా సమయం రెట్టింపు. ఒక్క చిప్ రెండున్నర నెలలు ఆగకుండా నడవాలి. కానీ దీని కోసం ఎదురుచూసే పిల్లలున్నారు. క్యాన్సర్ చికిత్సకు ముందు చిన్న మగపిల్లల వృషణ కణజాలాన్ని గడ్డకట్టించి దాస్తున్నారు. ఆ వయసులో శుక్రకణాలు ఉండవు కాబట్టి దాచడానికి అదొక్కటే దారి. గడ్డకట్టించిన బాల్యపు కణజాలాన్ని తిరిగి అదే కోతికి అంటుకట్టి, దాంట్లో తయారైన శుక్రకణాలతో పిల్ల పుట్టించినట్టు 2019లో ప్రచురితమైంది. కానీ రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లవాడికి తిరిగి అంటుకట్టడం ప్రమాదం, ఆ ముక్కలోనే క్యాన్సర్ కణాలు దాగి ఉండొచ్చు. ఒంటి బయటే శుక్రకణం తయారుచేయగలిగితే ఆ భయం ఉండదు. ఇది మా చిప్‌తో రేపే జరిగేది కాదు, కానీ ఈ కారణం నా మనసులో అన్నిటికంటే పైన ఉంది.

దానితోపాటు కాలేయం. సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు కాలేయంలో మారాకే పనిచేస్తుంది. వృషణం ఒక్కటే ఉన్న చిప్‌కు ఆ మందు ఇస్తే నిజమైన హాని కనిపించదు, భద్రమైనదనే తప్పుడు జవాబు వస్తుంది. 2017లో స్త్రీ పునరుత్పత్తి అవయవాలను కాలేయంతో కలిపి 28 రోజుల చక్రాన్ని నడిపిన ఎవాటార్ అనే పరికరం వచ్చింది. 2020లో కాలేయ కణాల గోళాలు, మనిషి వృషణ ఆర్గనాయిడ్లు (కణాలతో పెంచిన చిన్న అవయవ నమూనాలు) ఒకే ద్రవాన్ని పంచుకునే చిప్‌లో ఈ మందునే పరీక్షించారు. మేం ముక్కతో చేయాలనుకుంటున్నాం.

చిక్కు ఎక్కడంటే, కాలేయానికి 37 డిగ్రీలు కావాలి, వృషణానికి 34. ఒకే పలక మీద పెడితే ఒకరికి జ్వరం, ఒకరికి చలి. మందు మారి తయారయ్యే చురుకైన పదార్థం ఎక్కువసేపు నిలవదు కాబట్టి రెండు గదులనూ దూరంగానూ పెట్టలేం. గీసి చూశాను: మధ్యలో పలచటి గాజు వంతెన, రెండువైపులా విడివిడి వేడి పలకలు, కలిపే కాలువ పొడవు 15 మిల్లీమీటర్లు. నిమిషానికి ఒక మైక్రోలీటరు చొప్పున కాలేయం నుంచి వృషణానికి చేరడానికి ఎంతసేపు పడుతుందో కాలువ ఎత్తును బట్టి లెక్కగట్టాలి. కాలేయ భాగానికి పీడీఎంఎస్ బదులు మందులను పీల్చుకోని సీఓసీ ప్లాస్టిక్, వృషణం కప్పుకు మాత్రం ఆక్సిజన్ కోసం పీడీఎంఎస్. ఈ రెండింటినీ కారకుండా అతికించే పద్ధతిని వచ్చేవారం రంగునీళ్లతో పరీక్షిస్తాం. అంచుల దగ్గర తీసి పక్కన పెట్టిన చిప్‌లు దానికి సరిపోతాయి.